పింజ ముందుకాలి గడ్డ

ఆవిడ పరుపులు కుడుతుంది. అందుకే వీధిలో అందరూ మెత్తమ్మ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లెవరో ఆవిడ నోటి ధాటి ఎరగనివాళ్లై ఉండాలి.

కొట్టు ముందుగది పొడవుగా ఉంటుంది. ఒక గోడ వారగా దూది బేళ్లు. రెండో గోడకు చారల గుడ్డ తానులు. మధ్యలో నేల ఖాళీ. పరుపుల పనికి నేలే బల్ల. వెనక గదిలో దూది ఏకే మిషన్. అది తిరుగుతున్నంతసేపూ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. తమ కాపురం ఇన్నేళ్లు చల్లగా సాగడానికి అదే కారణమని ఆవిడ భర్త ఒకసారి అన్నాడు. ఆయన అలాంటి మాటలు ఏడాదికి ఒకటో రెండో అంటాడు. మిగతా రోజుల్లో దబ్బనం పట్టుకుని పరుపు అంచులు కుట్టుకుంటూ ఉంటాడు.

పరుపు పూర్తయ్యాక ఆవిడ పని మొదలవుతుంది. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, రెండు అరచేతులతో ఈ కొస నుంచి ఆ కొసకు నొక్కుకుంటూ పోతుంది. లోపల బఠాణీగింజంత ఉండ ఉన్నా చెయ్యి ఆగుతుంది. ఆగిందంటే కుట్టు విప్పాల్సిందే.

"ఒక్క ఉండకి ఎవరి ప్రాణం పోదులే" అని భర్త గొణుగుతాడు.

"పడుకునేది మీ నడుమా, వాళ్ల నడుమా?" అంటుంది ఆవిడ.

ఈ పని అమ్మమ్మ నేర్పింది. అమ్మమ్మ దగ్గరే పెరిగింది ఆవిడ. నేర్చిన విద్య పరుపులతో ఆగలేదు. కూరగాయలు నొక్కుతుంది. చుట్టాలింటికి వెళితే వాళ్ల సోఫా నొక్కి, కూర్చోకుండానే పెదవి విరుస్తుంది. పసిపిల్లల్ని చేతికిస్తే ముందు వీపంతా నిమిరి చూసి, బాగా కుట్టారన్నట్టు తలూపుతుంది.

పింజ కూడా అలాగే దొరికింది. వానాకాలం, కొత్త బేలు విప్పి లోపలి దూది నొక్కుతుంటే చేతికి ఉండ తగిలింది. గట్టిగా నొక్కింది. ఉండ మ్యావ్ అంది.

గుప్పెడంత పిల్లికూన. తెల్లగా, ఎక్కడ దూది ఆగిందో ఎక్కడ పిల్లి మొదలైందో తెలియకుండా ఉంది. అందుకే దూది పేరే, పింజ అయింది. తల్లి ఏ గోదాములో ఈని, ఎటు పోయిందో. "బయట పెట్టెయ్" అంది మేడ మీద గదిలో ఉండే ఆడపడుచు, మెట్ల మీద నుంచి వంగి చూస్తూ. భర్తకు అక్క. మెత్తమ్మకు వదిన. "పిల్లి బొచ్చు పరుపులో కలిసిందంటే కొన్నవాడు మన వీపు విమానం మోత మోగిస్తాడు."

"మోగిస్తే నా వీపే కదా వదినా, మీరు మేడ మీదే ఉంటారు" అంది మెత్తమ్మ, కూనను పైటలో చుట్టుకుంటూ.

ఎదురుగా కోళ్ల కొట్టు. దాని యజమాని వాళ్లకు చుట్టమేం కాదు. కొట్టు తెరిచిన రోజు "అక్కా, కాస్త చీపురిస్తావా" అని వచ్చాడు. ఆ రోజు నుంచి తమ్ముడు. చీపురు మాత్రం తిరిగి రాలేదు. అతను రోడ్డు దాటి వచ్చి కూన పెదవి పైకెత్తి చూశాడు.

"దీనికి రక్తం లేదక్కా. చిగుళ్లు చూడు, సున్నం కొట్టినట్టున్నాయి. కార్జం పెట్టు."

ఆ మాట పడాల్సిన చోట పడింది. చిన్నప్పుడు ఆవిడకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గేసరికి ఒళ్లు పురికొసలా అయింది. అమ్మమ్మ రోజూ కార్జం ఉడికించి, మెత్తగా మెదిపి, ముద్ద చేసి నోటికందించేది. మొహం తిప్పుకుంటే, "తిండి కాదే ఇది, మందు. మందుని వద్దనకూడదు" అనేది. ఆ మందుతోనే తను లేచి నిలబడ్డానని ఆవిడ నమ్మకం.

పింజ కూడా లేచి నిలబడింది. చిగుళ్లు ఎర్రబడ్డాయి. తోక పైకి లేచింది. కానీ మందు ఆగలేదు. తగ్గింది కదా అని మానేస్తే మళ్లీ మొదటికొస్తుందని ఆవిడ భయం. పాలు పెట్టేది, చేప పెట్టేది. పింజ వాసన చూసి, వెనక్కి తిరిగి, వాటి మీద మట్టి కప్పుతున్నట్టు నేలను గోకి వెళ్లిపోయేది. కార్జానికి మాత్రం పేరు పెట్టి పిలవకుండానే వచ్చేది.

రెండేళ్లు కూడా నిండకుండానే పింజ మారింది. పై బేలు మీద ఎక్కి పడుకునేది కింది బేలుకు దిగింది. తర్వాత నేలకు దిగింది. వీపు నాకడం మానేసింది. దూది కొట్టులో ఉండి బొచ్చు ఉండలు కట్టింది. ఎత్తుకుంటే అరిచేది.

"బద్ధకం" అన్నాడు భర్త. "ఈ ఇంట్లో ఒక్కరికైనా ఉండాలి కదా."

ఒక ఉదయం మెత్తమ్మ దాన్ని పరుపు మీద పడుకోబెట్టి, కళ్లు మూసుకుని, పరుపును నొక్కినట్టే నొక్కుకుంటూ వచ్చింది. వెన్ను, పక్కటెముకలు, భుజం. ముందుకాలి మోచేతి దగ్గర చెయ్యి ఆగింది. దూది ఉండ అయితే వేలికింద జారుతుంది. ఇది జారలేదు. రాయిలా ఉంది.

ఆవిడ కళ్లు తెరవలేదు. "ఏమండీ" అంది.

భర్త దబ్బనం కింద పెట్టేశాడు. ఆవిడ గొంతు అంత చిన్నగా రావడం ఆయన ఎప్పుడూ వినలేదు.

మధ్యాహ్నానికి వీధిలో తలో కారణం చెప్పారు. బేలు మీద నుంచి పడి ఉంటుందన్నాడు కోళ్ల కొట్టు తమ్ముడు. దూది వేడి అంది వదిన. పిల్లిని అస్తమానం పిసికితే గడ్డలు లేవక ఏం చేస్తాయని కూడా అంది. దుకాణానికి దిండు కొనడానికొచ్చిన ముసలాయన, తనకూ మోకాలి దగ్గర అలాంటిదే ఉందని పంచె పైకి లాగబోయాడు. అందరూ వద్దు వద్దన్నారు.

తమ్ముడు తన కోళ్ల వ్యానులో వాళ్లను పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాడు. వ్యాను వాసనకు పింజ దారి పొడవునా కళ్లు అరమూసుకుని, పెళ్లి విందుకు బయల్దేరినదానిలా కూర్చుంది. ఆస్పత్రి గదిలో బెంచీ మీద కూర్చోబోయి మెత్తమ్మ దాన్ని నొక్కింది. "పీచు కూరి దూది అని అమ్మారు వీళ్లకి" అని భర్త చెవిలో చెప్పింది. భయంలో కూడా ఆ సంగతి వదలలేకపోయింది.

డాక్టరు వయసులో చిన్నది. పింజను బల్ల మీద పెట్టుకుని కాలు తడిమేటప్పుడు ఆ అమ్మాయి కూడా కళ్లు మూసుకుంది. మెత్తమ్మ అది చూసింది. ఆ చేతుల మీద గురి కుదిరింది.

తర్వాత ఎక్స్‌రే ఫొటో తీశారు. తెర మీద పింజ మోచెయ్యి తెల్లగా వెలిగింది. ఎముక అంచున ఇంకో ఎముక, గోడ మీద పడ్డ సిమెంటు చిందులా.

"ఇది కండలో లేచిన గడ్డ కాదమ్మా. ఎముకే పెరిగింది" అంది డాక్టరు.

"కేన్సరా?"

"కావచ్చు, కాకపోవచ్చు. ఇంత చిన్న పిల్లులకి ఎముక గడ్డలు రావడం తక్కువే. వచ్చిందంటే కారణం వెతకాలి. ఒక వైరస్ ఉంది, జబ్బుపిల్లి లాలాజలం నుంచి అంటుతుంది. అది ఉన్నవాటిలో కొన్నిటికి ఎముకల మీద మొలకల్లా లేస్తాయి. ఎప్పుడో విరిగి అతుక్కున్న చోటైనా లేవచ్చు. పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు. చాలాసార్లు ఎందుకొచ్చిందో మాకూ తెలియదు."

"తెలియకపోతే ఏం చెప్తారు?"

"తెలియదనే చెప్తాం."

ఆ జవాబు మెత్తమ్మకు నచ్చింది. నచ్చినా అడగక తప్పలేదు. "ఒకవేళ చెడ్డదే అయితే?"

"కాలు తీసెయ్యాల్సి వస్తుంది. అప్పటికే పాకి ఉంటే..." డాక్టరు మాట మధ్యలో ఆపి, పింజ చెవులు సర్దింది. "ముందు రక్తం చూద్దాం. ఏం తింటుంది ఇది?"

"పాలు పెడతాం, చేప పెడతాం. కడుపు మాడ్చేవాళ్లలా కనపడుతున్నామా?"

"మందులేమైనా వాడుతున్నారా?"

"ఆస్పత్రికి రావడమే ఇది మొదటిసారి. మీరిస్తే వాడతాం."

ఆవిడ అబద్ధమేమీ ఆడలేదు. పాలూ చేపా రోజూ పెట్టేది. పింజ తినదన్నది వేరే సంగతి. ఇక కార్జం అంటారా, అది ఆవిడ లెక్కలో తిండీ కాదు, డాక్టర్లు రాసే మందూ కాదు. పొద్దున్నే మొహం కడుక్కోవడం లాంటిది. మొహం కడుక్కున్నానని ఎవరు ఎవరికి చెప్తారు?

రక్తం ఊళ్లో ఇంకెక్కడికో పంపారు. ఫలితం వచ్చేదాకా ఆగాలి.

ఆగడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. వైరస్ మాట విన్నప్పటి నుంచి మెత్తమ్మకు ప్రహరీ మీద తిరిగే నల్ల గండుపిల్లి మీద అనుమానం. కర్ర పట్టుకుని గోడ కింద నిలబడి, "నువ్వేనా కరిచింది? చెప్పు, నువ్వేనా?" అని అడుగుతుంటే, మేడ మీంచి వదిన, "గట్టిగా అడుగు అమ్మాయ్, వకీలుని పెట్టుకుంటానంటుందేమో" అంది.

నవ్వు వచ్చింది కానీ చేతులు పని మీద లేవు. ఒక దిండు వెనక్కి వచ్చింది. లోపల ఉండ. ఇన్నేళ్లలో అదే మొదలు. తెచ్చినావిడ, "పర్లేదులెండి, చిన్నదే" అంటుంటే మెత్తమ్మ దిండు లాక్కుని వెనక గదిలోకి పోయి మిషన్ వేసుకుంది. మిషన్ చాలాసేపు ఊరికే తిరిగింది.

ఆ రోజుల్లో పింజకు కార్జం ముక్క పెద్దదైంది. ఒంట్లో బాగాలేనప్పుడే కదా మందు ఎక్కువ కావాలి.

ఆస్పత్రి నుంచి కబురు రాగానే కొట్టు మూసి అందరూ బయల్దేరారు. వదిన కూడా. "పిల్లంటే మీకు గిట్టదు కదా" అని మెత్తమ్మ అంటే, "గిట్టదు. కాలు తీసేస్తే మీ ఇద్దరూ ఏడుస్తూ కూర్చుంటే ఇంటికి తెచ్చేవాళ్లు ఒకరుండాలిగా" అంది, వ్యానులో ముందు సీటు ఎక్కి.

"రక్తం శుభ్రంగా ఉంది" అంది డాక్టరు. "వైరస్ లేదు."

మెత్తమ్మ గోడకు చేరబడింది. నల్ల గండుపిల్లికి మనసులోనే క్షమాపణ చెప్పుకుంది.

డాక్టరు మాత్రం నవ్వలేదు. పింజ ముక్కు ముందు వేలు ఆడించింది. పింజ కళ్లు వేలి వెంట తిరిగాయి. తల తిరగలేదు. మెడకు కూడా ఫొటో తీశారు. ఒక ఎముక నుంచి పక్క ఎముకకు తెల్లటి వంతెనలు కట్టినట్టు ఉంది. రెండో మోచేతి దగ్గర కూడా చిన్న మొలక. డాక్టరు తెర ముందు చాలాసేపు నిలబడి, కుర్చీ లాక్కుని వాళ్ల ఎదురుగా కూర్చుంది.

"ఇది ఒక్కచోట లేచిన గడ్డలా లేదు. నాకు దీని రోజంతా చెప్పండి. నిద్ర లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తుంది?"

మెత్తమ్మ నోరు తెరిచేలోపు, ఎన్నడూ లేనిది, భర్త మొదలుపెట్టాడు. "లేవగానే మందు తింటుందండీ."

"మందులు వాడట్లేదన్నారు?"

"వాడే మందు కాదు" అంది మెత్తమ్మ. "రక్తం పట్టడానికి. ఇంటి మందు."

"ఎవరు చెప్పారు?"

"మా అమ్మమ్మ."

"ఆవిడ డాక్టరా?"

"పరుపులు కుట్టేది."

"ఏమిటమ్మా ఆ మందు?"

"కార్జం. కోడి కార్జం. ఇదిగో, మా తమ్ముడి కొట్టులోదే, తాజాది."

తమ్ముడు కాస్త నిటారుగా నిలబడ్డాడు.

డాక్టరు కుర్చీ అంచుకు జరిగింది. "రోజూనా? ఎంత కాలం నుంచి?"

"కూనగా ఉన్నప్పటి నుంచి. ఎంతో కాదులెండి, పొద్దున ఒక్కసారే."

భర్త తన చెప్పుల వైపు చూశాడు. వదిన గోడ మీది కుక్క బొమ్మ వైపు చూసింది.

"మధ్యాహ్నం నేనూ కొంచెం..." అన్నాడు భర్త.

"మీరా?"

"నువ్వు మిషన్ దగ్గరుంటావుగా. అది వచ్చి నా కాలు మీద చెయ్యేసి కూర్చుంటుంది. ఏం చెయ్యను?"

మెత్తమ్మ ఆయన్ని చూసిన చూపుకు ఆయన గోడలోకి ఇంకిపోవాల్సింది. ఇంకిపోయేలోపు వదిన గొంతు సవరించుకుంది. "సాయంత్రం మెట్లెక్కి వచ్చేది. వద్దు పొమ్మన్నాను. పోదే! పాపం అనిపించి..."

"వదినా! పిల్లంటే గిట్టదన్నారు!"

"గిట్టదు. ఆకలితో ఉంటే చూడలేను, అంతే."

మెత్తమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "ముగ్గురికీ నువ్వే అమ్ముతున్నావు. ఒక్క ముక్క నాకు చెప్పొద్దా?"

"బావ చెప్పొద్దన్నాడక్కా. వదినగారూ చెప్పొద్దన్నారు. మాటిచ్చి తప్పే మనిషినా నేను? అయినా..." అతను తల గోక్కున్నాడు. "మా కొట్టుకి కూడా వస్తుంది. కోసేటప్పుడు కింద పడ్డవి ఊడ్చడం ఎందుకని..."

"ఊడ్చడానికి నా చీపురుంది కదరా నీ దగ్గర!"

డాక్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుని చెప్పింది.

"కార్జంలో ఎ విటమిన్ దండిగా ఉంటుంది. అది పిల్లికి కావాల్సిందే. కానీ ఎక్కువైతే ఒంట్లోంచి తేలిగ్గా పోదు, పేరుకుంటుంది. నెలల తరబడి అదే తింటే మెడ దగ్గరా, మోచేతుల దగ్గరా ఎముక పెరిగిపోతుంది. చూడ్డానికి గడ్డలా ఉంటుంది. కేన్సర్ కాదు. నూటికి నూరుపాళ్లు చెప్పాలంటే ముక్క తీసి చూడాలి. కానీ ఈ ఫొటోలూ మీ నలుగురి మాటలూ కలిపితే నాకు అనుమానం లేదు. ముందు ఇది మాన్పించి చూద్దాం."

"కార్జమా ఇంత చేసింది?"

"కార్జం కాదమ్మా. నాలుగు పూటలా కార్జం."

"మరి కాలు?"

"కాలు దాని దగ్గరే ఉంటుంది."

మెత్తమ్మ ముందుకు వంగి, పింజ నెత్తి మీద గడ్డం ఆనించి, కళ్లు మూసుకుంది. భర్త ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ దాన్ని తోసెయ్యలేదు. "ఇంటికి పదండి, మీ పని చెప్తా" అని మాత్రం అంది. గొంతు మామూలుకు వచ్చేసిందని అందరికీ ఊపిరి ఆడింది.

డాక్టరు ఇంకా ఉందంది. పెరిగిన ఎముక పూర్తిగా కరగదు, మెడ కొంత బిగుసుకునే ఉంటుంది, నొప్పి మాత్రం తగ్గుతుంది. కార్జం ఆపకపోతే ఎముక పెరుగుతూనే పోతుంది. అలాగని మొండికేసిందని పస్తు పెట్టకూడదు. పిల్లి తిండి మానేస్తే దాని కార్జమే పాడవుతుంది.

"అన్నీ తిరిగి కార్జం దగ్గరికే వస్తాయా?" అంది వదిన.

కొద్దికొద్దిగా మార్చమంది డాక్టరు. ఆ పని తనకు తెలిసిందే అనుకుంది మెత్తమ్మ. పాత పరుపు విప్పి కొత్త దూది కలిపేటప్పుడు చేసేది అదే. ఉడికించిన చేప ఎక్కువ, కార్జం తక్కువ. మర్నాడు ఇంకొంచెం తక్కువ. మెదిపి, కలిపి, పళ్లెంలో పెట్టి పక్కకు తప్పుకుంది. పింజ కార్జం పలుకులన్నీ ఏరుకు తిని, చేపను పళ్లెం అంచున శుభ్రంగా కుప్ప పెట్టి వెళ్లింది.

"ఉండలు ఏరడంలో నీ శిష్యురాలే" అన్నాడు భర్త.

ఆవిడ ఇంకా మెత్తగా మెదిపింది. పింజ ఇంకా ఓపిగ్గా ఏరింది. రోడ్డవతల తమ్ముడు పాట్లు పడుతున్నాడు. "మెట్టు మీద కూర్చుని కదలదక్కా. నా వైపు చూస్తూనే ఉంటుంది. కొనేవాళ్లు నేను దానికేదో బాకీ ఉన్నాననుకుంటున్నారు." ఇంట్లో ముగ్గురూ ఒకరినొకరు కాపలా కాశారు. వదిన మేడ దిగి వస్తే మెత్తమ్మ ఆవిడ రెండు చేతులూ విప్పించి చూసేది. భర్త జేబులు సరేసరి.

మొత్తానికి కార్జం తగ్గుతూ తగ్గుతూ గోరంత అయింది. ఒకరోజు ఆ గోరంత కూడా లేకుండా పళ్లెం పెట్టింది. చేప, కాస్త గుడ్డు, డాక్టరు ఇచ్చిన గింజలు.

పింజ వాసన చూసింది. నేల గోకింది. వెళ్లిపోయింది.

మధ్యాహ్నమైంది. పళ్లెం అలాగే ఉంది. ఎవరికీ అన్నం సయించలేదు. వదిన మేడ దిగి వచ్చి గుడ్డ తాను మీద కూర్చుంది. "ఈ ఒక్క పూటకీ..." అన్నాడు భర్త.

"మీరు కుట్టండి" అంది మెత్తమ్మ. కానీ ఆవిడ మనసులోనూ అదే ఉంది. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో చిన్న పొట్లం. అతన్ని ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆవిడ లేచి వెనక గదిలోకి పోయి మిషన్ వేసింది. తెల్లటి ఈకల్లా దూది లేచింది. గదంతా మోత.

ఆ మోతలోనే, తలుపు సందులోంచి, పింజ నడవడం కనిపించింది. కుంటుతూ గది మధ్యకు వచ్చింది. చుట్టూ చూసింది. మెడ తిరగదు కనక ఒళ్లంతా తిప్పి చూసింది. పళ్లెం మీదికి వంగింది.

మెత్తమ్మ మిషన్ ఆపేసింది.

మోత ఒక్కసారిగా పోయింది. భర్త దబ్బనం గాలిలో ఆగింది. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ నిశ్శబ్దంలో చిన్న చప్పుడు. పళ్ల కింద గింజ పగిలిన చప్పుడు. ఇంకోటి. తర్వాత నాలుక పళ్లాన్ని గీకడం.

ఎవరో ఒకావిడ దిండు కోసం వచ్చి, గుమ్మంలో తమ్ముడి పక్కన ఆగి, "ఏమండీ, కరెంటు పోయిందా?" అంది.

నలుగురూ ఒక్కసారే "ష్" అన్నారు.

వచ్చినావిడ బెదిరిపోయి, వాళ్లు చూస్తున్న వైపే చూసింది. అక్కడ ఒక తెల్లపిల్లి తింటోంది. అంతకంటే ఏమీ లేదు. అయినా ఆవిడ కూడా కదలకుండా నిలబడింది. పింజ తినేకొద్దీ పళ్లెం ముందుకు జరుగుతోంది, పింజ వెంట నడుస్తోంది, ఇద్దరూ కలిసి గదంతా దాటారు. చివరికి పళ్లెం గోడకు తగిలి ఆగింది. అప్పటికి అందులో ఏమీ మిగల్లేదు.

పింజ కూర్చుని, తల వంచి, భుజం నాకింది. వీపు దాకా అందలేదు. భుజం అందింది.

"అక్కా" అన్నాడు తమ్ముడు చిన్నగా, పొట్లం చూపిస్తూ, "మరి ఇదేం చెయ్యను?"

మెత్తమ్మ పైటతో మొహం తుడుచుకుంది. "నువ్వు తిను" అంది. "రోజూ మాత్రం తినకు."